ఒక బొమ్మ, ఒక పోయెమ్, ఒక వారం: హైస్కూల్ ఇంగ్లీష్ క్లాసుకి ఆన్‌లైన్ డిస్కషన్ ఎలా పెట్టాలి

ఈ ప్రశ్న నాకు వస్తూనే ఉంది. "సార్, గ్రూపులో పోయెమ్ పెట్టా, దానికి తగ్గ పెయింటింగ్ కూడా పెట్టా, మీ ఒపీనియన్ చెప్పండ్రా అన్నా, నలభై మందిలో సగం మంది థంబ్స్ అప్ కొట్టారు, నలుగురు నైస్ సార్ అన్నారు, ఒకడు గుడ్ నైట్ బొమ్మ పెట్టాడు, అంతే." అడిగిన ప్రతి ఒక్కరికీ విడిగా చెప్పేకంటే ఒకేచోట రాసేస్తే మేలని రాస్తున్నా. 9, 10 తరగతులకి ఇంగ్లీష్ చెప్పేవాళ్ళ కోసం ఇది, ముఖ్యంగా ఇంట్లో ఒకటే ఫోను ఉండి అది కూడా నాన్న పనినుంచి వచ్చాక రాత్రి ఏడు దాటితేగానీ చేతికి రాని పిల్లలున్న స్కూళ్ళ కోసం. ఇంటర్ వాళ్ళకైనా ఇదే పద్ధతి పనికొస్తుంది.

పిల్లల దగ్గర మాటలు చాలా ఉంటాయండీ. మనం అడిగే ప్రశ్నే వేలు పెట్టి చూపించడానికి ఏమీ లేని ప్రశ్న అవుతుంది. "వాట్ ఈజ్ ద థీమ్" అంటే ఎక్కడ చూపించాలి వాడు? అందుకే కిందదంతా ఒకటే పట్టుకుని నడుస్తుంది, ముందు కనిపించింది చెప్పించాలి, తర్వాతే అనిపించింది.

కావలసినవి

- ఒక పెయింటింగ్, మంచి సైజు ఫైలు. నేను వాడేది "ల్యాండ్‌స్కేప్ విత్ ద ఫాల్ ఆఫ్ ఇకారస్", బ్రూగల్ అనే పాతకాలం చిత్రకారుడి పేరు మీద ఉన్న బొమ్మ, బ్రసెల్స్ లో రాయల్ మ్యూజియమ్స్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్ లో ఉంది. వికీమీడియా కామన్స్ లో ఫ్రీగా దొరుకుతుంది.
- దాని మీద రాసిన పోయెమ్. డబ్ల్యూ హెచ్ ఆడెన్ అనే ఇంగ్లీష్ కవి 1938 లో బ్రసెల్స్ లో ఉన్నప్పుడు రాసిన "మ్యూజే దే బోజార్", మొత్తం 21 లైన్లు.
- ఒక గ్రూపు: వాట్సాప్ గానీ గూగుల్ క్లాస్‌రూమ్ గానీ.
- ఐదు సాయంత్రాలు, రోజుకి గంట.
- ఫోను లేని పిల్లల కోసం బొమ్మ కలర్ ప్రింటు ఒకటి, క్లాసు గోడకి అంటించడానికి. ఇది తప్పనిసరి, ఎందుకో కింద చెప్తా.
- మీ దగ్గర ఒక తెల్లకాగితం, పిల్లల పేర్లు రాసుకుని టిక్కులు పెట్టుకోవడానికి.

స్టెప్ 1: బొమ్మ ముందు మీరు చూడండి, పది నిమిషాలు, ఫోను పక్కన పెట్టి

పెద్ద స్క్రీన్ మీద చూడండి. ముందు కనిపించేది ఎర్ర చొక్కా వేసుకుని గుర్రంతో దున్నుతున్న రైతు. వెనక గొర్రెల కాపరి కర్ర మీద ఆనుకుని ఆకాశం వైపు చూస్తుంటాడు, పక్కన కుక్క. కుడివైపు కింద గాలం వేసుకుని కూర్చున్న ఒకడు. ఒక పెద్ద ఓడ. ఆ ఓడకి కిందుగా, నీళ్ళలో రెండు తెల్లటి కాళ్ళు, అంతే. టైటిల్లో పేరున్న ఇకారస్, గ్రీకు కథలో రెక్కలు కట్టుకుని ఎగిరి సముద్రంలో పడ్డ కుర్రాడు, అంటే ఆ రెండు కాళ్ళే. ఎడమవైపు పొదల్లో ఒక శవం తల కూడా ఉంది, జాగ్రత్తగా చూస్తేగానీ దొరకదు.

ఒక జాగ్రత్త. మీ ఊళ్ళో ఈ మధ్య ఏ పిల్లాడైనా చెరువులోనో కాలవలోనో మునిగిపోయి ఉంటే ఈ బొమ్మ వద్దు, నిజంగా వద్దు. దాని బదులు రవివర్మ గీసిన జటాయువు బొమ్మ తీసుకోండి, రావణుడు రెక్క నరుకుతుంటే సీత మొహం దాచుకునే బొమ్మ. పోయెమ్ దొరకకపోతే పిల్లల చేతే ఎనిమిది లైన్లు రాయించొచ్చు. లేపాక్షి గుడి పైకప్పు బొమ్మలు, మీ దగ్గర్లో చేర్యాల బొమ్మలో కలంకారీనో ఉన్నా ఇవే స్టెప్పులు.

స్టెప్ 2: ఫైలు పంపే పద్ధతి

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ సగం మంది ఫెయిలయ్యేది ఇక్కడే. వాట్సాప్ లో మామూలుగా ఫోటోలా పంపితే అది కుదించేస్తుంది, పిల్లాడు జూమ్ చేస్తే కాళ్ళ దగ్గర తెల్లటి మచ్చ తప్ప ఏమీ ఉండదు, ఇంక వాడేం చూస్తాడు, ఏం చెప్తాడు. డాక్యుమెంట్ గా పంపండి. అయితే డాక్యుమెంట్ గా పంపితే ఫైలు పేరు అందరికీ కనపడుతుంది, ఆ పేరులో ఫాల్ ఆఫ్ ఇకారస్ అని ఉంటే ఆట అక్కడే అయిపోయింది, ఐదు నిమిషాల్లో ఎవడో ఒకడు సెర్చ్ చేసి మొత్తం కాపీ చేసి పెట్టేస్తాడు. అందుకని ముందే "బొమ్మ 1" అని పేరు మార్చి పంపండి.

నెట్ తక్కువగా ఉండే ఊరైతే మొత్తం బొమ్మ ఒకటి, దాన్ని నాలుగు ముక్కలుగా కట్ చేసి నాలుగు చిన్న ఫైళ్ళు పంపితే సరిపోతుంది.

చెక్ చేసుకోవడం: ఇంట్లో ఉన్న అతి పాత ఫోనులో తెరిచి చూడండి. కాళ్ళు కాళ్ళలా కనపడితే ఓకే.

స్టెప్ 3: గ్రూపు, రూల్సు

వాట్సాప్ గ్రూపులో అందరి నంబర్లు అందరికీ కనపడతాయి. ఆడపిల్లల తల్లిదండ్రులు భయపడేది దీనికే, ఆ భయం న్యాయమైనదే. ముందే పేరెంట్స్ తో మాట్లాడి ఒప్పుకుంటేనే నంబరు చేర్చండి, సంతకం తీసుకుంటే ఇంకా మంచిది, 2023 డేటా ప్రొటెక్షన్ చట్టం కూడా 18 ఏళ్ళ లోపు వాళ్ళని పిల్లలుగానే చూస్తుంది. ఒప్పుకోకపోతే గూగుల్ క్లాస్‌రూమ్ వాడండి, అక్కడ నంబర్లు బయటపడవు.

రూల్సు మూడే పెట్టండి, ఎక్కువ పెడితే ఒక్కటీ గుర్తుండదు. ఒకటి, ఫార్వర్డులు వద్దు. రెండు, ఎవరి ఇంగ్లీషునీ ఎవరూ నవ్వకూడదు. మూడు, రాత్రి ఎనిమిదిన్నర తర్వాత గ్రూపు క్లోజ్. మూడోది మీరే సెట్టింగ్స్ లో అడ్మిన్స్ మాత్రమే మెసేజ్ పెట్టేలా మార్చేస్తే గొడవే ఉండదు, మళ్ళీ మర్నాడు రాత్రి ఏడున్నరకి తెరవండి.

తెలుగులో రాయొచ్చా అని అడుగుతారు. మొదటి రెండు రోజులు రాయనివ్వండి. ఇంగ్లీష్ క్లాసు కదా అని మొదటి రోజే ఇంగ్లీష్ అంటే మళ్ళీ ఆ నలుగురే మాట్లాడతారు. మూడో రోజు నుంచి ఇంగ్లీష్, అది కూడా ఆసరా ఇచ్చి. "ఐ సీ", "ఐ థింక్, బికాజ్", "ఐ అగ్రీ విత్, బట్" ఈ మూడు మొదళ్ళు ఇస్తే చాలు, మిగతాది వాళ్ళే నింపుకుంటారు.

స్టెప్ 4: మొదటి రోజు, బొమ్మ ఒక్కటే

పేరు చెప్పొద్దు, ఎవరు గీశారో చెప్పొద్దు, పోయెమ్ ఊసే వద్దు. అడగాల్సింది ఇది: "బొమ్మలో నీకు కనిపించిన మూడు వస్తువులు రాయి, ఎక్కడున్నాయో కూడా రాయి, పైనా కిందా, కుడా ఎడమా. ఇంకొకళ్ళు రాసింది రాయకూడదు."

ఆ చివరి షరతే అసలు మందు. మొదట రాసినవాళ్ళకి రైతు, గుర్రం, ఓడ దొరుకుతాయి. వెనకబడ్డవాళ్ళు వెతుక్కోవాలి, వెతుక్కుంటే చూస్తారు. అలాగే ఎప్పుడూ నోరు తెరవని పిల్ల ఒకతి ఎనిమిదిన్నరకి రెండు నిమిషాలుందనగా "కింద కుడివైపు ఎవరివో కాళ్ళు ఉన్నాయి సార్, మునిగిపోతున్నారు" అని పెడుతుంది, అప్పుడు గ్రూపంతా మళ్ళీ బొమ్మ తెరుస్తుంది. ఆ మెసేజ్ వచ్చినప్పుడు మీరు ఏమీ అనకండి. సూపర్ అన్నారంటే మిగతావాళ్ళు సమాధానం దొరికిపోయిందనుకుని ఆపేస్తారు. "ఇంకా ఏం కనిపిస్తోంది?" అనే ఒక్క ప్రశ్నే.

ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు. అబిగైల్ హౌసెన్, ఫిలిప్ యెనవైన్ అనే ఇద్దరు బొమ్మల్ని చూడటం నేర్పడానికి తయారు చేసిన మూడు ప్రశ్నలున్నాయి, ఈ బొమ్మలో ఏం జరుగుతోంది, అలా అనడానికి నీకు ఏం కనిపించింది, ఇంకా ఏం కనిపిస్తోంది. థియరీ ఇంతే చాలు, ఈ మూడూ ఒక చీటీ మీద రాసుకుని ఫోను పక్కన పెట్టుకోండి.

ఒకవేళ ఎవరికీ కాళ్ళు దొరక్కపోతే? మర్నాడు ఉదయం ఆ ముక్క ఒక్కటే కట్ చేసి పంపండి, ఏమీ రాయకుండా.

స్టెప్ 5: రెండో రోజు, కథ

ఇప్పుడు కథ చెప్పండి, మీ గొంతుతో, రెండు నిమిషాల వాయిస్ మెసేజ్. క్రీట్ ద్వీపంలో చిక్కుకుపోయిన డెడలస్ అనే పనివాడు ఈకలు, మైనం పెట్టి తనకీ కొడుక్కీ రెక్కలు చేశాడు, మరీ పైకి పోవద్దురా అని చెప్పాడు, కొడుకు ఇకారస్ సూర్యుడి దాకా పోయాడు, మైనం కరిగింది, సముద్రంలో పడ్డాడు.

ఇక్కడ మన పిల్లలకి సంపాతి గుర్తొస్తాడు, రాకపోతే మీరు గుర్తు చేయొద్దు, కాసేపు ఆగండి, వస్తాడు. సంపాతి, జటాయువు సూర్యుడి వైపు ఎగిరితే తమ్ముడు కాలిపోకుండా అన్న రెక్కలు అడ్డం పెట్టి తన రెక్కలు కాల్చుకున్నాడు. ఒకడు మాట వినక పడ్డాడు, ఒకడు తమ్ముణ్ణి కాపాడబోయి పడ్డాడు. ఈ తేడా పిల్లలు పట్టుకుంటే దాని మీదే అరగంట నడుస్తుంది, నడవనివ్వండి, సిలబస్ ఎక్కడికీ పోదు.

తర్వాత అసలు ప్రశ్న. ఓవిడ్ అనే రోమన్ కవి మెటమార్ఫసీస్ అనే కావ్యం 8వ పుస్తకంలో ఈ కథ చెప్తూ దున్నేవాడు, గొర్రెల కాపరి, గాలం వేసేవాడు ముగ్గురూ తలెత్తి చూసి వీళ్ళు దేవుళ్ళేమో అని ఆశ్చర్యపోయారంటాడు. బొమ్మలో ఆ ముగ్గురూ ఉన్నారు. "ఎవరు చూస్తున్నారు, ఎవరు చూడట్లేదు? బొమ్మ గీసినాయన ఏం మార్చాడు?" ఇది వేలు పెట్టి చూపించగలిగే ప్రశ్న, ప్రతి ఒక్కరూ జవాబివ్వగలరు.

తెలివైన వాళ్ళు ఇంకొకటి అడుగుతారు, సూర్యుడు అంత కింద సముద్రం అంచున ఉంటే మైనం ఎలా కరిగింది సార్ అని. మంచి ప్రశ్న, వెంటనే జవాబు ఇవ్వకుండా గ్రూపుకే తిప్పేయండి. గాలం వాడి దగ్గర కొమ్మ మీద కూర్చున్న కౌజు పిట్టని చూసినవాళ్ళుంటే వాళ్ళకి దాని కథ చెప్పండి: డెడలస్ అసూయతో తన మేనల్లుణ్ణి కోట మీంచి తోసేస్తే వాడు ఆ పిట్టగా మారాడు, డెడలస్ కొడుకుని పూడ్చేటప్పుడు అది చూసి సంతోషపడిందంటాడు ఓవిడ్.

స్టెప్ 6: మూడో రోజు, పోయెమ్

9, 10 పిల్లలకి చివరి ఎనిమిది లైన్లు చాలు, అవే ఈ బొమ్మ గురించి. మొదటి పదమూడూ ఇంటర్ వాళ్ళకి. మీరు చదివి వాయిస్ పెట్టండి, యూట్యూబ్ లింకు పెట్టొద్దు, లింకు నొక్కినవాడు మళ్ళీ మన దగ్గరికి రాడు.

కాపీరైట్ అడుగుతున్నారు కాబట్టి చెప్తున్నా. బొమ్మకి లేదు. ఆడెన్ 1973 లో చనిపోయాడు, మన దేశంలో ఆ తర్వాత 60 ఏళ్ళు, అంటే 2033 చివరి దాకా పోయెమ్ కి కాపీరైట్ ఉంటుంది. క్లాసు లోపల చదువుకోవడం వరకే పెట్టుకోండి, మీ చానెల్లో పబ్లిక్ గా పెట్టకండి.

ప్రశ్న ఒక్కటే. పోయెమ్ ఏమంటుందంటే, రైతుకి నీళ్ళ చప్పుడు వినిపించే ఉండొచ్చు గానీ అతనికి అదేం పెద్ద విషయం కాదు, ఓడకి వెళ్ళాల్సిన చోటుంది కాబట్టి వెళ్ళిపోయింది. "ఇది బొమ్మలో ఉందా, కవి కలిపాడా? ఉంటే ఎక్కడుందో చూపించు."

మా క్లాసులో జరిగింది చెప్తా. అందరూ రైతు రాతిగుండె వాడు, సెల్ఫిష్ అని రాసుకుంటూ పోయారు. ఒక అబ్బాయి, వాళ్ళ తాత దగ్గర ఇంకా నాగలి ఉంది, తెలుగులోనే పెట్టాడు: "మేడి పట్టుకున్నోడు తల ఎత్తకూడదు సార్. ఎత్తితే నాగటి చాలు వంకర పోద్ది. ఆయన చూడలేక చూడలేదు." నేను ఆ పోయెమ్ ఎన్నేళ్ళుగా చెప్తున్నానో, ఆ మాట నాకు తట్టలేదు. బొమ్మ మళ్ళీ తెరిచి చూశా, దున్నిన చాళ్ళు ఒకదాని పక్కన ఒకటి ఎంత పద్ధతిగా ఉన్నాయో. కవితో వాదన పెట్టుకోగలిగిన పదో తరగతి పిల్లాడు ఇంట్లో నేర్చుకున్న దానితోనే పెట్టుకున్నాడు. అప్పుడు నేను చేసిన ఒకే పని, ఆ మాటని ఇంగ్లీషులో ఎలా చెప్తామో వాడితోనే కలిసి రెండు వాక్యాలు కట్టించడం.

స్టెప్ 7: నాలుగో రోజు, ఒకళ్ళకొకళ్ళు

ఇప్పటిదాకా అందరూ మీతో మాట్లాడారు. ఈ రోజు మీతో మాట్లాడకూడదు. తోటివాళ్ళ మెసేజ్ ఒకటి నొక్కిపట్టి రిప్లై కొట్టి, దానికి ఒక కారణం కలపాలి, లేదా బొమ్మలోంచి ఒక వస్తువు చూపించి కాదనాలి. "ఐ అగ్రీ" ఒక్కటే పెడితే లెక్కలోకి రాదు.

మాటలు ఆగిపోతే రెండో బొమ్మ పంపండి. బ్రసెల్స్ లోనే వాన్ బ్యూరెన్ మ్యూజియంలో ఇదే బొమ్మకి ఇంకొక రూపం ఉంది, అందులో ఆకాశంలో డెడలస్ ఎగురుతుంటాడు. అంటే మొదటి బొమ్మలో కాపరి ఖాళీ ఆకాశంలోకి ఎందుకు చూస్తున్నాడో అప్పుడు తెలుస్తుంది. ఏ బొమ్మ మంచిదో, డెడలస్ లేకపోతేనే బాగుందేమో, వాళ్ళే కొట్టుకుంటారు. పెద్ద పిల్లలైతే ఇంకొకటి కూడా చెప్పొచ్చు, బ్రసెల్స్ మ్యూజియం 1912 లో కొన్న ఈ బొమ్మ బ్రూగల్ స్వయంగా గీసింది కాదని, పోయిన అసలు బొమ్మకి కాపీ అని చాలామంది నిపుణులు ఇప్పుడు అంటున్నారు. కాపీ అయితే విలువ తగ్గుతుందా అని అడిగి చూడండి.

స్టెప్ 8: ఐదో రోజు, నోటుబుక్కు

ఫోను పక్కన పెట్టి పేపరు మీద ఎనభై మాటల పేరా, ఇంగ్లీషులో. అందులో బొమ్మలోంచి ఒకటి, పోయెమ్ లోంచి ఒకటి, క్లాస్‌మేట్ అన్న మాట ఒకటి ఉండాలి. ఫోను లేని పిల్లలు వారమంతా గోడ మీద ప్రింటు కింద చీటీలు అంటిస్తూ ఉంటారు కదా, ఆ చీటీలు మీరు రోజూ ఫోటో తీసి గ్రూపులో పెట్టాలి, వాళ్ళ మాటలకి వచ్చిన రిప్లైలు మర్నాడు చదివి వినిపించాలి. ఇది మానేస్తే క్లాసులో రెండు కులాలు తయారవుతాయి, ఫోనున్నవాళ్ళు, లేనివాళ్ళు.

ఎక్కువగా జరిగే తప్పులు

గ్రూపులో గ్రామర్ దిద్దడం. దీనివల్ల నష్టం నేను కళ్ళారా చూశా. ఒక అమ్మాయి "హి లెగ్స్ ఈజ్ గోయింగ్ డౌన్" అని పెడితే వెంటనే అందరి ముందు దిద్దా, ఆ పిల్ల మళ్ళీ మూడు వారాలు ఒక్క మెసేజ్ పెట్టలేదు. ఇప్పుడు తప్పులు నోటులో రాసుకుని శుక్రవారం పేరు లేకుండా బోర్డు మీద చెప్తున్నా.

ప్రశ్న మీద ప్రశ్న. రోజుకి ఒకటే. ఐదు ప్రశ్నలు ఒకేసారి పెడితే అది పరీక్ష పేపరు అయిపోతుంది.

తొందరపడి జవాబు మనమే చెప్పేయడం. ఇరవై నిమిషాలు గ్రూపు నిశ్శబ్దంగా ఉంటే చేతులు లాగుతాయి, నాకు తెలుసు. ఆగండి. అన్నం తింటున్నారు, చెల్లి ఫోను పట్టుకుంది, టైపింగ్ రాదు, ఏదో ఒకటి ఉంటుంది. టైపింగ్ రానివాళ్ళకి వాయిస్ మెసేజ్ ఒప్పుకోండి.

ఏఐ కాపీ. గుర్తుపట్టడం తేలిక, పెద్ద పెద్ద మాటలుంటాయి, బొమ్మలో ఫలానా చోట అనేది ఉండదు. తిట్టకండి. "బాగుంది, ఇది బొమ్మలో ఎక్కడ కనిపించింది? వాయిస్ లో చెప్పు" అనండి. చూసినవాడు చెప్తాడు, చూడనివాడు వెళ్ళి చూసొస్తాడు, మనకి కావలసింది కూడా అదే.

ఫలితం వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది

మెసేజ్‌ల సంఖ్య చూసి మోసపోకండి. మీ తెల్లకాగితం మీద పేరు ఎదురుగా మూడు టిక్కులకి చోటు పెట్టుకోండి. ఒకటి, బొమ్మలోనో లైన్లోనో చోటు చూపించాడా. రెండు, బికాజ్ అని కారణం చెప్పాడా. మూడు, ఇంకొకళ్ళ మాటకి జవాబిచ్చాడా. వారం చివరికి సగం మందికి రెండు టిక్కులు వస్తే మొదటిసారికి చాలా బాగా నడిచినట్టే. ఒక్క టిక్కూ లేని పేర్లు ఎవరివో చూసి వాళ్ళకి ఫోను ఉందా, ఇంట్లో ఇస్తున్నారా, ముందు అది కనుక్కోండి.

రెండు వారాల తర్వాత ఇంకో బొమ్మ పెట్టి ఏమీ అడగకుండా వదిలేయండి, కింద ఒక్క ప్రశ్న కూడా రాయకుండా. మా గ్రూపులో రెండోసారి పెట్టిన బొమ్మకి వచ్చిన మొదటి మెసేజ్ ఇది: "సార్, డాక్యుమెంట్ గా పంపండి, జూమ్ చేస్తే కనపడట్లేదు."